టీవీ ఆట పాటకు అన్న డోలు

హోసూరు,
మంగళవారం

మా అత్తగారు నాకిచ్చిన ఒకే ఒక్క ఆస్తి, పరిమళకు,

మీ అమ్మ కాలి కట్టు విప్పారా? ఫోన్ చేసి అడగవచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాటైనా పూర్తి చెయ్యనిస్తావా? ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణే అయినా, కాగితం మీదైతే నాకు అడ్డం రాలేవు. అందుకే రాస్తున్నాను.

మూకండపల్లి కంపెనీలో ప్యాకింగ్ పని ఖాయమైంది. సోమవారం చేరాలి. అంటే నాదస్వరం వదలాలి. వదలడం ఒక ఎత్తు, అన్నకు చెప్పడం ఒక ఎత్తు. నాన్న పోయాక నన్ను పెంచి, నాదస్వరం చేతికిచ్చి, తన డోలు పక్కన కూర్చోబెట్టుకున్నవాడు మా చెన్నరాయప్పన్న. పక్కన నాదస్వరం లేకుండా డోలు ఒక్కటే మోగితే జనం పెళ్లి అనుకోరు, దండోరా అనుకుంటారు. ఆయన ముఖం చూసి "నేను పోతున్నాను" అనడానికి నోరు పెగలడం లేదు. ఊరందరినీ ఏడిపించే నోరు, చూడు!

ఆషాఢంలో మన పొయ్యి ఎలా వెలుగుతుందో నీకు తెలుసు. నీకు చెప్పనిది ఇంకొకటుంది. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం అయిపోతే చాలు, ఆ తర్వాత ఎంత బాగా వాయించినా ఒక్క తల ఇటు తిరగదు. పోయిన నెల ఒకాయన, "కొంచెం మెల్లగా వాయించప్పా, ఫోను ఇనబడల్యా" అన్నాడు. నవ్వుతూనే ఆయన చెవి దగ్గర ఒక్కటి ఊదాను. కానీ ఆ పూట పెళ్లి భోజనం తినకుండానే వచ్చేశాను.

అందుకే ఒక ఉపాయం పన్నాను. గురువారం కృష్ణగిరిలో పెళ్లి ఉంది. తాళి దగ్గర వేషాలు వెయ్యను, పాపం. ఫొటోల వేళకు మాత్రం, చిన్నప్పుడు వీడియోగేము అంగడిలో విన్న పాట అందుకుంటాను. చిన్న మనిషి గోతులు దూకుతూ పరుగెత్తే ఆటలోది. టైము అయిపోవస్తే పాట కూడా ఉరకలేస్తుంది. కీర్తనలకంటే ముందు నాకు వచ్చింది ఆ పాటే. మంగళవాద్యంలో అది వినిపిస్తే అన్న డోలు పుల్లతో వీపు పగలగొట్టి, "పోరా ఈడనుంచి" అంటాడు. సరేనని వచ్చేస్తాను. నేను వదిలినట్టు ఉండదు, ఆయనే తరిమినట్టుంటుంది.

నువ్వు తిట్టడం మీ అమ్మగారి బేరిగై నుంచి ఇక్కడికి వినిపిస్తోంది.

నీ మొండి మొగుడు,
పరశురామ్


హోసూరు,
శుక్రవారం

బంగారు పరిమళా,

నా ఉపాయం మట్టిగొట్టుకుపోయింది.

పెళ్లికొడుక్కి నలభై దగ్గరపడి ఉంటుంది, జుట్టుకు రంగేసి దాచాడు. ఫొటోలు మొదలుకాగానే ఊపిరి నింపి పాట అందుకున్నాను. అన్న డోలు టక్కున ఆగింది. భయంతో అటు చూడలేదు. ముందు వరుసలో ఒక బట్టతల ఇటు తిరిగింది. దాని వెనుక ఇంకొకటి. పూలచెండు పట్టుకున్న పెళ్లికొడుకు బొటనవేళ్లు వాటంతటవే నొక్కడం మొదలుపెట్టాయి. "రే, ఇది మన ఆట పాట రా!" అని ఎవరో అరిచారు. హాలంతా మా వైపే చూసింది పరిమళా!

అప్పుడు పుల్ల పడింది. నా వీపు మీద కాదు, డోలు మీద. పాటకు అచ్చంగా సరిపోయే దెబ్బ. ఉరకలేసే చోట నాకంటే ముందు అన్నే ఉరికాడు.

వేదిక దిగాక, "నీకెట్ల తెలుసునన్నా?" అని అడిగాను.

"నిన్ను ఈడ్చుకొని పోదామని ఆ అంగడి ముందరికి వస్తా ఉంటి గదరా. పాట సగంలో ఆపను మనసు రాక, నీ ఆట అయ్యేదాకా ఆడనే నిలబడి ఇనుకుంటా ఉంటి. నువ్వు బాగా ఆడింటే ఇంకా శానా ఇనింటాను. దరిద్రుడా, ఊరికే చస్తా ఉంటివి!"

ఇలాంటి మనిషి చేత నన్ను తరిమించుకోవాలనుకున్నాను. సిగ్గేసింది. కృష్ణగిరి బస్టాండులో, ఒక్క వేళాకోళమైనా లేకుండా, కంపెనీ సంగతి చెప్పేశాను. అన్న డోలు గుడ్డ ముడి విప్పాడు, వేశాడు, మళ్లీ విప్పాడు.

"శెలవు ఎప్పుడు?"

"ఆదివారం, అన్నా."

"అట్లయితే మన మేళానికి ఆదివారం పెండ్లిండ్లే ఒప్పుకుంటా. మిగతా దినాల్లో చేసుకొనేవాళ్ల తలరాత వాళ్లది."

"మరి నీకు గడిచేదెట్లన్నా?"

"మాదప్ప మేళంలోకి రమ్మంటా ఉండారు, పోతా. వాని నాదస్వరం మేక అరిచినట్ల ఉంటాది. ఏం చేసేది, ఓర్చుకుంటా."

బస్సెక్కాక ఆయనే మోచేత్తో పొడిచాడు. "నీళ్లలో ఈదే కాడ ఇంకో పాట వచ్చేది గదరా, మెల్లగా. అది ఎట్ల?"

నేను నోటితో పాడాను. ఆయన ముందు సీటు కమ్మి మీద వేళ్లతో అందుకున్నాడు. ఆ సీట్లో కూర్చున్న ఆమె, "ఏమప్పా, ఇంటికి పోయి వాయించుకోకూడదా?" అని కసిరింది. అన్న వినిపించుకోలేదు. షష్టిపూర్తికి దగ్గరపడ్డ మనిషి, బడి ఎగ్గొట్టి వచ్చిన పిల్లవాడిలా హోసూరు దాకా కొడుతూనే ఉన్నాడు.

నీ తిట్లకు ఎదురుచూస్తూ,
పరశురామ్