అత్తగారు అడిగింది నీళ్లు కాదు

తిరుమంగళం, శుక్రవారం.

అక్కా, నేనూ మా పాప దర్శినీ కులాసా. ఫోనులో అయితే పక్కనున్న అందరూ వింటారు. ఈ ఇంట్లో తెలుగు చదవడం ఎవరికీ రాదు కాబట్టి కార్డు రాస్తున్నాను.

మా అత్తగారు పంకజవల్లి పోయిన సంగతి నీకు తెలుసు. ఇంట్లో మిగతావాళ్లది సగం తమిళమే, నాతో నిండుగా తెలుగు మాట్లాడింది ఆవిడొక్కరే. పక్షవాతం వచ్చాక తమిళం పూర్తిగా మరిచిపోయారు. నాలుక మందమైన ఆ ముద్దమాటలు కొడుక్కి కూడా అర్థమయ్యేవి కావు, నాకే తెలిసేవి. మదురై ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "నన్ను ఇంటికి పిల్చుకోని పో, కన్నూ. ఈడ సావలేను" అన్నారు.

"అమ్మ ఏమి అడగతా ఉండాది?" అన్నారు మా ఆయన.

ఇంటికి తీసుకెళ్తే రెండు రోజులు కూడా బతకరని డాక్టరు ముందే చెప్పాడు. ఆంధ్రా కోడలే చంపేసిందని రేపు నలుగురూ అంటారని భయపడి, "నీళ్లు అడుగుతున్నారు" అన్నాను. ఆయన చెంచాతో పోశారు. ఆవిడ నన్నే చూస్తూ మింగారు. మర్నాడు అక్కడే పోయారు.

నాన్న కంటికి ఆపరేషన్ అయిందా? దర్శినికి తెలుగు అక్షరాల పుస్తకం ఒకటి పంపు.

పరామర్శకు వచ్చినవాళ్లందరితో మా ఆయన, "ఈమె ఉండబట్టే అమ్మ కడసి ఆశ తీరింది" అంటున్నారు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు మా ఆడబిడ్డ నన్ను మొదటిసారి "వదినా" అని పిలిచింది.

అమ్మకు చెప్పకు. పిల్లలకు నా దీవెనలు.

నీ చెల్లెలు,
విమల