ఈసారి పెట్టె మీద ఊరు మార్చలేదు

మావా,

నువ్వు పోయి రేపటికి ఆరేళ్లు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది.

మన అబ్బాయికి జోధ్‌పూర్ పోస్టింగ్ వచ్చింది. నీ మిలిటరీ రోజుల్లో ఆర్డరు రాగానే నేను నల్ల ట్రంకు పెట్టె దించేదాన్ని. నువ్వు దాని మీద పాత ఊరు కొట్టేసి, కొత్త ఊరు పెయింటుతో రాసేవాడివి. ఒక్కసారి కూడా నేను రానని అనలేదు.

ఇప్పుడు ఇంట్లో ముస్కాన్ ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల. వాళ్లమ్మ ఇక్కడే ఢిల్లీ ఆసుపత్రిలో ఉంది. ఆమె కోలుకునేదాకా పెంచమని బాలల సంక్షేమ కమిటీ అబ్బాయికీ కోడలికీ అప్పగించింది. ప్రతి ఆదివారం నేనే తీసుకెళ్లి తల్లిని చూపిస్తాను. మేము ఊరు మారితే పిల్ల మళ్లీ అనాథ పిల్లల హోముకే పోవాలి.

మొన్న అబ్బాయి పెట్టె దించాడు. అది చూసి ఆ పిల్ల తన బట్టలు సంచిలో కుక్కుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుంది.

మర్నాడే కమిటీ ఆఫీసుకు వెళ్లాను. వాడొక్కడే వెళ్తాడు, కోడలూ నేనూ ఢిల్లీ కదలమని చెప్పాను.

"అచ్ఛా అమ్మాజీ, ఇంట్లో పెద్దాయన ఒప్పుకున్నారా?" అంది అక్కడి మేడమ్.

"ఆయన పోయి ఆరేళ్లు. కావాలంటే మీరే వెళ్లి అడిగి రండి."

మేడమ్ ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది. పిల్ల మా దగ్గరే ఉండొచ్చని రాసిచ్చింది.

పెట్టె మీద నువ్వు రాసిన ఆఖరి ఊరు ఢిల్లీ అలాగే ఉంది. సంచి నేనే విప్పి, ముస్కాన్ బట్టలు ఆ పెట్టెలో సర్దాను. తాళంచెవి దాని చేతికే ఇచ్చాను.

కోపమొస్తే వచ్చి అడుగు. నేనిక్కడే ఉంటాను.