ట్రిగ్గర్ మీద బొట్టు

అడాజన్, సూరత్

తమ్ముడూ,

పిస్టల్ షూటింగ్ సామాను అమ్మేవాడివి కనక నిన్నే అడుగుతున్నాను. పై అంతస్తులో ఉండే కీర్తి తన పిస్టల్‌కున్న ఫ్లాట్ ట్రిగ్గర్ ఊడదీసి మన ఇందుజకిచ్చింది. వచ్చే వారం పోటీలో ఇద్దరూ ప్రత్యర్థులే. ఊరికే ఎవరిస్తారు చెప్పు?

"అమ్మా, పాతది వంపుగా ఉండేది, వేలు ఒక్కోసారి ఒక్కోచోట పడేది. ఇది బల్లపరుపు. వేలు ఒకేచోట ఆనుతుంది, తిన్నగా వెనక్కి నొక్కచ్చు. గురి పక్కకి పోదు," అంటుంది మన పిల్ల. నేను నమ్మలేదు.

నిన్న ఆయుధపూజకి కీర్తిని కూడా పిస్టల్ తెమ్మన్నాను. రెండు ట్రిగ్గర్లకీ తడి కుంకుమ బొట్టు పెట్టి, ఖాళీ పిస్టళ్లే కదా, మళ్లీ మళ్లీ నొక్కమన్నాను. ఇందుజ వేలి మీద ఒక్కటే గుండ్రటి చుక్క. కీర్తి వేలంతా ఎర్రగా పులుముకుంది. తీరా చూస్తే ఆ పిల్ల బిగించుకున్నది ఇందుజ పాత ట్రిగ్గరే!

ఎందుకిచ్చావని నిలదీశాను.

"గురి తప్పుతోందని ఇందు ఏడుస్తుంటే చూడలేకపోయాను ఆంటీ," అంది.

నాకింకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. అయినా కీర్తికి అలాంటి ఫ్లాట్ ట్రిగ్గరే ఒకటి పంపు. పోటీ అయ్యాక పంపితే చాలని రాసి కొట్టేశాను. ముందే పంపు.

నీ అక్క