పాత గని దారిలో నాన్న

బోస్కారెన్, కార్న్‌వాల్

జెనిఫర్ అక్కకు,

నీ చెల్లెలు లవ్‌డే ముద్దులతో రాస్తున్నది. ఇక్కడ నాన్నా నేనూ కులాసా. లండన్ ఆసుపత్రిలో నువ్వు నీ రోగులకన్నా కాస్త మెరుగ్గా ఉన్నావని తలుస్తాను.

నాన్న దగ్గు గురించి అడిగావు. తగ్గలేదు, పెరగలేదు. డాక్టరుగారు సముద్రపు గాలికి నడవమన్నారు. "ఇన్నేళ్లు భూమి కింద దుమ్ము తిన్నవాడికి గాలి అరుగుతుందా?" అంటాడు నాన్న.

పాత గని దారి ఇంకా తొక్కడం లేదా అని కూడా అడిగావు. ఆదివారం తొక్కాడక్కా! పెట్రాక్ బాబాయిని గనిలో నీళ్లు ముంచేసిన నాటినుంచి అటు కన్నెత్తి చూడని మనిషి, నా చెయ్యి పట్టుకుని కొండ దిగాడు. గని నీళ్లు తోడే ఇంజనింటికి కప్పు లేదు. పొగగొట్టం నిండా కాకిగూళ్లు. గని బావి చుట్టూ కట్టిన రాతిగోడ మీద అప్పటి గని మేస్త్రీ, ముసలి ట్రెగేర్ కూర్చుని ఉన్నాడు. నీటి ఊట సంగతి తెలిసే మనుషుల్ని దింపాడని నాన్న ఆయనతో మాటలు మానేశాడు కదా.

"నువ్విక్కడేం చేస్తున్నావు?" అన్నాడు నాన్న.

"ఇంకెక్కడికి పోను సైలస్? నా మనుషులంతా ఇక్కడే ఉన్నారు. రోజూ వస్తాను."

"ఊట సంగతి నీకు తెలుసా, తెలీదా? దేవుడి మీద ఒట్టేసి చెప్పు."

మేస్త్రీ తల వంచుకున్నాడు. "గోడ చెమ్మగిల్లిందని పెట్రాక్ చెప్పాడు. ఏం కాదులే, దిగమన్నాను. తప్పు నాదేరా."

నాన్న కొడతాడనుకున్నాను. కానీ మేస్త్రీ పక్కనే గోడ మీద కూలబడ్డాడు. దగ్గుతెర ఆగాక, "ఈ మాట ఆనాడే చెప్పుంటే నిన్ను చంపేసేవాణ్ణి. ఇప్పుడు ఓపిక లేదు" అన్నాడు. నేను తెచ్చిన పేస్టీ, ఆ మాంసం కూరిన రొట్టె, విరిచి, సగం ఆయన చేతిలో పెట్టాడు. ముసలాళ్లిద్దరూ కళ్లు తుడుచుకుంటూనే తిన్నారు.

ఇక నీకింతవరకూ చెప్పని మాట. మేస్త్రీగారి చిన్నకొడుకు జోరీ, నేను పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. మేస్త్రీగారు రోజూ అక్కడుంటారని తెలిసే నాన్నను ఆ దారి పట్టించాను. ఎలా చెప్పాలా అని తిరుగుదారంతా మథనపడ్డాను. గుమ్మం దగ్గర నాన్నే ఆగాడు.

"మేస్త్రీ కొడుకుని మన పెరటి కంచె వెనక నక్కొద్దని చెప్పవే. ఊరంతా చూసింది, నాకు మాత్రం కళ్లు లేవా? తలుపు తట్టి రమ్మను."

నిన్న జోరీ తలుపు తట్టాడక్కా. నాన్నే వెళ్లి తీశాడు. పెళ్లికి సెలవు అడిగి పెట్టుకో.

ఇట్లు,
నిన్ను చూడాలని తహతహలాడే చెల్లి,
లవ్‌డే