ఓడినవాడి బెంచీ మీద టీ

డిసెంబర్ 18
మళ్ళీ అదే కల. మైదానం నిండా మంచు, గోల్ స్తంభాలు కనబడవు. బంతి నేల తాకకుండా మెల్లగా తేలిపోతోంది... నేను అరుస్తున్నాను, గొంతు పెగలడం లేదు. లేచాక కూడా దవడలు నొప్పి.

డిసెంబర్ 20
సెమీస్ గెలిచాం. ఫైనల్లో ఎదురు మళ్ళీ పండరీ బట్టల బజారు జట్టే. అంటే వాళ్ళ మేనేజరు సాహూనే, ఎప్పుడూ నన్ను ఓడించేవాడు.
మార్చిలో నా రిటైర్మెంట్. రైల్వే జట్టు మేనేజరుగా ఇదే ఆఖరి ఫైనల్. ఒక్కసారి — ఒక్కటంటే ఒక్కసారి — గెలిచినవాడి టీ ఫ్లాస్కు నేను మోయాలి.

డిసెంబర్ 23
పొద్దున్నే ప్రాక్టీసు. మిల్లుల వైపు నుంచి ఉడికిన ధాన్యం వాసన. కుర్రాళ్ళు మంచులోంచి వచ్చి మంచులోకి పోతున్నారు... చూస్తూ ఈల ఊదడం మరిచాను.
ఆ ఫ్లాస్కు ఇక్కడి మేనేజర్ల ఆనవాయితీ. గెలిచినవాడు టీ ఫ్లాస్కుతో ఓడినవాడి బెంచీకి రావాలి. తనే పోయాలి. అవతలివాడు తాగేదాకా లేవకూడదు, ఆట ఊసెత్తకూడదు. ఓడిన ప్రతిసారీ నేను రిఫరీని తిట్టి తిట్టి గొంతు పోగొట్టుకునేవాణ్ణి. సాహూ వచ్చి పక్కన కూర్చుని తన బట్టల కొట్టు కబుర్లు చెప్పేవాడు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి మళ్ళీ మనిషినయ్యేవాణ్ణి. ఆ నెమ్మదితనం చూస్తే ఇప్పటికీ అసూయే.

డిసెంబర్ 27
కొత్త ఫ్లాస్కు కొన్నాను. "గెలవకుండానే ఏటండీ ఈ సంబడం?" అంది మా ఆవిడ పార్వతి. రేపటి టీలో అల్లం కాస్త ఎక్కువ వెయ్యమన్నాను.

డిసెంబర్ 28
గెలిచాం.

డిసెంబర్ 29
నిన్న ఇంకో మాట రాయబుద్ధి కాలేదు. గోలు మేం కొట్టింది కాదు. వాళ్ళ బ్యాకే కంగారులో సొంత గోల్లోకి తన్నుకున్నాడు. మావాళ్ళు నన్ను భుజాల మీదికెత్తారు. పైనుంచి అంతా కలే — పొగమంచు, చెట్ల తలలు, చప్పుడు లేకుండా కదులుతున్న నోళ్ళు... అక్కణ్ణుంచే చూశాను. ఎన్నడూ గొంతెత్తని సాహూ ఆ కుర్రాణ్ణి అందరి ముందూ తిడుతున్నాడు. టోపీ తీసి నేలకేసి కొట్టాడు.
నేను దిగి వెళ్ళేసరికి బెంచీ ఖాళీ. ఆ తోపులాటలో ఫ్లాస్కు మూత పగిలింది. అయినా కూర్చున్నాను, పోశాను. తాగేవాడే లేడు.
ఇన్నేళ్ళూ నేను మెచ్చుకున్నది పెద్దమనిషితనాన్నా, గెలుపునా? ఒళ్ళు మండింది. తర్వాత జాలేసింది. పాపం, నాకు ఓడిపోవడం అతను నేర్పాడు, అతనికి ఎవరూ నేర్పలేదు. మార్చి తర్వాత నేను ఆ మైదానంలో ఉండను. ఇలాగే విడిపోతామా?

డిసెంబర్ 31
పండరీలో సాహూ కొట్టుకి వెళ్ళాను. అతను నన్ను చూసీ చూడనట్టే ఊరుకున్నాడు. టీ పోసి అతని ముందు పెట్టి బల్ల మీద కూర్చున్నాను. తాగేదాకా లేవకూడదు కదా. బేరాలు వస్తున్నాయి, పోతున్నాయి. గుడ్డలు విప్పుతుంటే గాలిలో రంగులు అలలు అలలుగా... కాసేపు కునుకు పట్టింది. కళ్ళు తెరిస్తే టీ మీద మీగడ కట్టి ఉంది. గ్లాసు కదలలేదు.
షట్టరు దించబోతూ, నావైపు చూడకుండానే, "కల్ ఆనా. గరమ్ లానా" అన్నాడు. రేపు వేడిగా తెస్తానన్నాను. ఆ కుర్రాడితో మాట్లాడాడో లేదో అడగలేకపోయాను. అడిగితే ఆట ఊసెత్తినట్టే.

జనవరి 1
పార్వతి అల్లం దంచుతోంది. "ఈయేళా తాక్కపోతే మల్లీ రేపెల్తారేటి?" వెళ్తానన్నాను.
పగిలిన మూతకి గుడ్డ చుట్టి బిగించాను. బయట చలిగాలి. మోవాలో మా ఇంటి నుంచి స్కూటరు మీద... పండరీ దాకా వేడి నిలుస్తుందో, లేదో.