బిగబట్టిన మార్కులు

జూన్ 4, 2025

మా ఇంట్లో నాకు కోపమొస్తే ఆకలైందనుకుంటారు. ఇవాళ పొద్దున ఫోన్ మంచం మీదికి విసిరేసి గోడవైపు తిరిగి కూర్చుంటే, అమ్మ ఏమీ అడగకుండా జొన్నరొట్టె తెచ్చి పక్కన పెట్టింది. అవ్వ మిరపకాయలతో దిష్టి తీసింది. బాపు గొర్ల కాడినుంచి వచ్చి చూసి, పిల్ల దగ్గర మల్ల పెండ్లి ముచ్చట తీసిండ్రా ఏంది, అని అమ్మ మీద లేచాడు. ఎవరూ తీయలేదు. స్కాలర్‌షిప్ పోయింది అని నేనే చెప్పాను. పోతే ఏడికి పోతది, ఇంట్లనే ఉంటది, జర దేవులాడు, అంది అవ్వ.

ఒక ట్రస్టు ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్. వస్తే బెంగళూరులో ఎమ్మెస్సీ మ్యాథ్స్, రెండేళ్లు, హాస్టల్‌తో సహా ట్రస్టు వాళ్లే చూసుకుంటారు. రాకపోతే లేదు. డిగ్రీకి మహబూబ్‌నగర్ దాకా పోగలిగానంటే అక్కడ గవర్నమెంట్ హాస్టల్ ఉంది కాబట్టి. రాతపరీక్షలో మా జిల్లాలో నాదే ఎక్కువ స్కోర్. ఫైనలిస్టుల్లో నా పేరు లేదు. మా వాడకట్టు సునీల్ పేరుంది.

జూన్ 5

హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. చాలాసేపు వీణ వినిపించి తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. మేడమ్, మీ టెస్ట్ ఎక్సలెంట్, డిగ్రీ కూడా బాగుంది, టెన్త్ దగ్గర ఆగింది, అంది. కన్సిస్టెన్సీ చూస్తారట. టెన్త్ జీపీఏ తొమ్మిది లేనిదే ఫైనల్‌కు పంపరట. నాది ఏడు పాయింట్ ఏడు.

మాది 2020 బ్యాచ్. కరోనాతో పరీక్షలు మధ్యలో ఆగిపోయాయి. బడిలో వేసిన ఇరవై ఇంటర్నల్ మార్కులనే నూటికి లెక్కగట్టి మెమోలు ఇచ్చారు. సునీల్ చదివిన ప్రైవేటు బడిలో క్లాసుకు క్లాసే పదికి పది. ఆ ఏడాదంతా వాడు లెక్కలు నేర్చుకున్నది నా దగ్గర, మా గొర్ల దొడ్డి పక్కన కూర్చుని.

బాపుకు అంతా వివరంగా చెప్పాను. గదేం లెక్క బిడ్డా, పిల్లగున్నప్పుడు బక్కగుండెనని ఇప్పుడు పొట్టేలును కొననంటరా ఎవలన్న, అన్నాడు.

మా ఇంట్లో నన్ను సరిగ్గా అర్థం చేసుకున్న మొదటి మాట. పోలిక పొట్టేలుతోనైనా సరే.

జూన్ 7

సునీల్ లడ్డూల డబ్బాతో వచ్చాడు. ఫైనల్ల నీ పేరు రాకుంట నాదొచ్చుడేంది స్వర్ణా, ఏదో తప్పైంది చూడు, అన్నాడు. నిజంగానే బాధపడుతున్నాడు. కనీసం గర్వపడినా తిట్టుకోవడానికి వీలుండేది. అవ్వ రెండు లడ్డూలు తిని, మూడోది కొంగున కట్టుకుంది.

జూన్ 9

మల్లికార్జున్ సార్ ఇంటికి పోయాను. పదో తరగతిలో మాకు లెక్కల సార్. ఇప్పుడు ఆ బడికే హెడ్మాస్టర్. ఇంటర్నల్స్‌లో నాకెందుకు తక్కువ వేశారని అడిగాను. గుర్తు లేదంటారనుకున్నాను. బాగా గుర్తుంది.

బాగ సదివేటోళ్లకే బిగబట్టి ఏస్తం బిడ్డా, అన్నారు. ముందుగల్నే ఇరవై ఏస్తే కొమ్ములొస్తయి, ఇగ పబ్లిక్ పరీక్షల ఎనబైకి సదవరు. మేమిచ్చిన పదిహేనుకు నీ ఎనబై కలుపుకుంటే తొంబై దాటిపోతుంటివి. సార్లందరం నీకు గట్లనే ఏసినం. పరీక్షలే ఆగిపోతయని ఎవడు కలగన్నడు.

మరి చదవని వాళ్లకు అన్నాను. ఆళ్లు పాసవ్వాలె గదా, ఇడిసిపెట్టినం, అన్నారు. అంటే మా క్లాసులో మల్లేష్‌కు నాకన్నా ఎక్కువ. ఎక్కాలు రాని మల్లేష్. వాడు జడ్చర్లలో ఫార్మా కంపెనీలో లోడింగ్ చేస్తున్నాడు. ఆ మార్కులతో వాడికి ఇంతవరకు పని పడలేదు.

నా మీద నమ్మకం ఉండి తక్కువ వేశారు. ఇదీ నాకు దొరికిన జవాబు. ఆంటీ చాయ్ తెచ్చింది. కోపంగా చాయ్ తాగడం ఎట్లాగో నాకు తెలియలేదు. మామూలుగానే తాగి వచ్చాను.

జూన్ 10

మళ్లీ హెల్ప్‌లైన్. అప్పీల్ పెట్టుకోవచ్చట. ఆ ఏడాది జబ్బు చేసి ఉండాలి, లేదా ఇంట్లో ఎవరైనా చనిపోయి ఉండాలి. బడివాళ్లు రాసివ్వాలి. సార్లు బిగబట్టారు అనే ఆప్షన్ లేదా అన్నాను. అమ్మాయి నవ్వాపుకుని, సారీ మేడమ్, అంది.

జూన్ 11

అప్పీల్ సంగతి విని సార్ తానే ఇంటికొచ్చారు. టైఫాయిడ్ అని రాసిస్తానన్నారు. శాన దినాలు బడికి రాలేదని, అందుకే మార్కులు తగ్గినయని. ఉన్నది ఉన్నట్టు రాయండి సార్ అన్నాను. మీరే తగ్గించారని రాయండి. ఆయన చెప్పుల వైపు చూసుకున్నారు. రిటైర్మెంట్ దగ్గర పడ్డది తల్లీ, నా మీదికొస్తది, అన్నారు.

బాపు ఇటు సార్‌ను, అటు నన్ను చూసి, రాపిచ్చుకో, జరమే గదా, జరం రానోడు ఎవడు, అన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. లేని రోగాన్ని పేరువెట్టి పిలిస్తే ఇంట్లకొస్తది, మందల గొర్రెకు గూడ గట్లనవద్దు, అని చెంబు తెచ్చి సార్ ముందే గడప మీద నీళ్లు చల్లింది. హెడ్మాస్టర్ గారు కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

జూన్ 12, పొద్దున

నాకు అబద్ధమంటే భయం లేదు. హాస్టల్ వార్డెన్‌కు చెప్పినవి రాస్తే ఈ డైరీ చాలదు.

కానీ ఆ ఏడాది నేను ఒక్కరోజు కూడా బడి మానలేదు. బాపూ అమ్మా మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోతే, అవ్వా నేనే ఇంట్లో. ముసురు పట్టినా పోయాను. సార్లే రాని రోజు కూడా పోయాను. హాజరుకు ప్రైజని స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు, డిగ్రీ మూడేళ్లూ అందులోనే తిన్నాను. మార్కులు వాళ్ల చేతిలో ఉండె, పోయాయి. హాజరు నాది. ఆ ఒక్కటీ టైఫాయిడ్‌కు ఇచ్చేస్తే ఆ ఏడాదిలో నాదంటూ ఏముంటుంది?

జూన్ 12, సాయంత్రం

అప్పీల్ పెట్టలేదు.

జూన్ 14

బెంగళూరంటే భయపడ్డదని అమ్మ వాడకట్టంతా చెప్తోంది.

జూలై 3

సునీల్ సెలెక్టయ్యాడు. బెంగళూరు బస్సెక్కే ముందు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

జూలై 7

బడిలో లెక్కల పోస్టు ఖాళీ ఉంది, వాలంటీర్‌గా రమ్మని సార్ కబురు పంపారు. అదే బడి. సగం పెచ్చులూడిన అదే బ్లాక్‌బోర్డు. ఇంట్లో ఉంటే రొట్టెలు పెట్టి చంపేస్తారు. పోతున్నాను.

జూలై 19

పదో తరగతిలో గ్లోరీ అని ఒక పిల్ల ఉంది. తండ్రి భిక్షం సెంట్రింగ్ పనికి పోతాడు. లెక్కను నేను చెప్పిన దారిలో చేయదు. ఇంకో దారిన నాకన్నా ముందే జవాబు దగ్గరికి చేరి, రా మేడమ్ అన్నట్టు చూస్తుంది. మనసులో తిట్టుకుంటూనే ఇష్టపడుతున్నాను.

జూలై 31

మొదటి ఇంటర్నల్ పేపర్లు దిద్దుతుంటే సార్ వచ్చి పక్కన కూర్చున్నారు. గ్లోరీకి పద్నాలుగు దాటనియ్యకు, మంచి పిల్ల, కొమ్ములొస్తయి, అన్నారు.

నేను తలెత్తి చూశాను. ఆయనకూ అర్థమైంది. కాసేపు పేపర్లు సర్దారు. ఈసారి పరీక్షలు ఆగయి బిడ్డా, అన్నారు.

ఆ పిల్ల పేరు చెప్తున్నప్పుడు ఆయన ముఖంలో ఎంత ప్రేమో. నా పేరూ అట్లాగే చెప్పి ఉంటారు.

ఆగస్టు 1

తప్పులన్నీ ఎర్రపెన్నుతో చూపించి పేపర్లు ఇచ్చేశాను. ఆన్‌లైన్‌లో క్లాసు మొత్తానికీ ఇరవైకి ఇరవై ఎక్కించాను. సార్ మార్చమన్నారు. మార్చను.