మొహం కుదరని బొమ్మ

అమ్మకి,

నీ చిన్నకూతురు దండం పెట్టి రాస్తోంది. ఇక్కడ ముగ్గురం బాగానే ఉన్నాం. నాన్న మోకాలినొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. నా దగ్గు కూడా తగ్గింది. మీ అల్లుడుగారు ఉద్యోగం మానలేదు, అదెవరో పుట్టించిన మాట. పాపకి ముందుపళ్ళు ఊడాయి, నవ్వితే చూడాలి.

ఇక నీ అసలు ప్రశ్న. "నేను చేసిన మంచేదీ గుర్తులేదా? ఎంతసేపూ ఆ వంటగది బొమ్మేనా చేసేది?" అని దెప్పావు. చేశానమ్మా, మంచిది కూడా చేశాను! నువ్వు నాకు జడ వేస్తున్న బొమ్మ. నెలరోజులు మట్టితో కుస్తీ పట్టాను. తీరా చూస్తే అందులోనూ నీ మొహం లేదు. జడ వేసేటప్పుడు నువ్వు నా వెనకే కదా ఉంటావు! నా నెత్తిమీద నీ చేతులు మాత్రం వచ్చాయి. విసుగొచ్చి తడిగుడ్డ కప్పేశాను.

వంటగది బొమ్మలో వీపు అచ్చం నీదే. కుడిభుజం కొంచెం కిందికి, మెడ బిగబట్టి, సింకు వైపు తిరిగి. కోపమొస్తే నువ్వు తిట్టేదానివి కాదు, కొట్టేదానివి కాదు. మాట మానేసేదానివి. నేను అక్కడే కూర్చుని ఉండగా నాన్నతో "దాన్ని తినమనండి" అనేదానివి. ఏం తప్పు చేశానో కూడా నాకు తెలిసేది కాదు. ఇప్పటికీ ఎవరైనా ఒక్కపూట ఫోన్ ఎత్తకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు.

వచ్చే నెలే ఎగ్జిబిషన్. హాలు చూసుకునే ఆవిడ వచ్చి వంటగది బొమ్మ చుట్టూ తిరిగి, "ముందువైపు ఎప్పుడు చేస్తారండీ?" అంది. ఒళ్ళు మండిపోయింది. వస్తే చేయనా! మొహం పెట్టడం, చిదిపేయడం, ఇదే నా పనైపోయింది.

ఇంకో మాట. రాయాలా వద్దా అని ఇంతసేపూ నాన్చుతూ వచ్చాను. మొన్న పాప ఆడుతూ ఆడుతూ జడ బొమ్మని తోసేసింది. కిందపడి ముద్దైపోయింది. నేను పల్లెత్తు మాట అనలేదు. నాకెంత ఓపికో అని నన్ను నేనే మెచ్చుకుంటూ సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ నిలబడ్డాను. కాసేపటికి వెనకనుంచి పాప గొంతు వినిపించింది.

"నాన్నా, అమ్మని ఇటు తిరగమను."

భయమేసిందమ్మా. తిరిగాను, దగ్గరికి తీసుకున్నాను, కానీ ఎంతకీ నోట మాట రాలేదు. నీకూ అప్పట్లో ఇలాగే ఉండేదేమో. నువ్వెప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు.

ఒక్కసారి రా. నా ఎదురుగా కుర్చీ వేస్తాను. నలుగురిలో పరువు తీస్తున్నానని తిట్టాలనుంటే తిట్టు, అడ్డు చెప్పను. ఇటు తిరిగి తిట్టు, అంతే.

ఇట్లు,
నీ మొండిఘటం